పులికాట్ మీద ఒక వ్యాసం: ఆలోచన నుంచి డబ్బు చేతికొచ్చేదాకా నా అనుభవం

ట్రావెల్ రైటింగ్ చేయాలనుంది, ఎక్కడికెళ్లి రాస్తే బావుంటుంది అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికి రాగలిగే చోటు ఒకటి ఎంచుకోండి. అక్కడికి ఎండాకాలంలో ఓసారి, వానల్లో ఓసారి, పండగా పబ్బం ఏమీ లేని మామూలు మంగళవారం నాడు ఓసారి, అలా వెళ్తూనే ఉండండి. లడఖ్ గురించీ బాలి గురించీ రాసేవాళ్లకి కొదవ లేదు. నాలుగు రోజులు ఉండి వచ్చేవాళ్లకి ఆ నాలుగు రోజుల్లో కనపడేదే కనపడుతుంది, అందుకే ఎవరి వ్యాసం చదివినా అవే కేఫ్‌లు, అదే సూర్యోదయం. పైగా ఖర్చు లెక్క చూసుకోండి. తెలుగులో ఒక ట్రావెల్ వ్యాసానికి వచ్చే పారితోషికం విమానం టికెట్‌కి చాలదు. చెన్నై నుంచి పొన్నేరి దాకా లోకల్ ట్రైను, అక్కడినుంచి బస్సు, మధ్యాహ్నం భోజనం, వీటికైతే చాలి ఇంకా మిగులుతుంది.

నేను ఉండేది చెన్నైలో, పెరంబూరులో. రైల్వే ఉద్యోగాల కోసం ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి, మాదీ అలాంటిదే. ఊరికి ఉత్తరంగా ఓ 60 కిలోమీటర్లు వెళ్తే పులికాట్ సరస్సు. మన దేశంలో ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత పెద్దది ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది, దక్షిణం కొస తమిళనాడులో ఉంది, సరస్సుకీ సముద్రానికీ మధ్య అడ్డుగోడలా శ్రీహరికోట దీవి. దీని మీద నేను రాసిన వ్యాసం గురించే ఇప్పుడు చెప్తాను. ఏ పని ఏ వరసలో చేశానో, ఎక్కడ ఎంత టైం పట్టిందో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ పనిలో తిరగడం సగం కూడా కాదు, మిగతా సగం గురించి కొత్తవాళ్లకి చెప్పేవాళ్లే లేరు.

పులికాట్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఫ్లెమింగోలు. అక్టోబరు నుంచి మార్చి దాకా వస్తాయి, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు నీళ్ల మధ్యలోంచి పోతుంది కాబట్టి రోడ్డు మీదినుంచే కనిపిస్తాయి, ఫొటో తీసుకుని వచ్చేయొచ్చు. అందరూ రాసేది అదే. నేనూ మొదట పక్షుల కోసమే వెళ్లాను. కానీ తమిళనాడు వైపు పళవేర్కాడు ఊళ్లో పడవల దగ్గర ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. మిగతా పడవలన్నీ నీళ్లమీదే ఉన్నాయి. మీరు వెళ్లలేదేం అని అడిగితే, తమిళం, తెలుగు కలిపి, "ఇవాళ మా వంతు కాదమ్మా" అన్నాడు. నీళ్లలో రొయ్యలు ఉన్నాయి, ఆయన పడవ బావుంది, ఒంట్లో ఓపిక ఉంది, అయినా వెళ్లడు. ఆ మాట పట్టుకుని అడుగుతూ పోతే తెలిసింది, రొయ్యలు బాగా పడే చోట్లలో ఎవరు ఎప్పుడు వల వేయాలో చీట్లు తీసి వంతులు పెట్టుకునే పద్ధతి అక్కడ ఎప్పటినుంచో ఉంది, దాని పేరు 'పాడు'.

నా వ్యాసం ఆ రోజే దొరికింది. పులికాట్ అనేది ఊరికే ఒక చోటు. చోటు పేరు చెప్పి ఏ ఎడిటర్ దగ్గరికెళ్లినా, పోయినేడే వేశామండీ అంటారు. రొయ్యలు పడే రోజున ఒక మనిషి ఒడ్డున ఎందుకు కూర్చున్నాడు అని అడిగితే మాత్రం ఎవరైనా ఆగి వింటారు. మీరు వెళ్లిన చోట మీకు అర్థంకాని విషయం ఒక్కటి దొరికేదాకా రాయడం మొదలుపెట్టకండి, అది దొరక్కపోతే ఇంకోసారి వెళ్లండి.

దొరికిన వెంటనే మళ్లీ సరస్సుకి పరిగెత్తలేదు. ఎగ్మోరులోని కన్నెమరా లైబ్రరీకి వెళ్లాను. 1896 నుంచి ఉన్న లైబ్రరీ, దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతి ఒక్కోటి చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో ఇదొకటి. చెన్నైలో ఉండి రాసేవాళ్లు దీన్ని వాడుకోకపోతే చాలా పోగొట్టుకున్నట్టే. 1879లో అచ్చయిన చెంగల్పట్టు జిల్లా మాన్యువల్ లాంటి పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే మనం వెళ్లబోయే ఊరు నూటయాభై ఏళ్ల కింద ఎలా ఉండేదో తెలుస్తుంది. డచ్చివాళ్లు 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టారు, రెండు వందల ఏళ్లకి పైగా ఉండి 1825లో ఇంగ్లీషువాళ్లకి అప్పగించారు. ఇప్పుడు కోట అంటే పొదలూ, రాళ్ల కుప్పలూ. సమాధుల తోట మాత్రం పురావస్తు శాఖ కాపలాలో బాగానే ఉంది, గేటు దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు ఉంటాయి, వాటి ఫొటో అందరూ వేస్తారు. కానీ ఆ రేవు నుంచి బట్టలతో పాటు మనుషుల్ని కూడా బానిసలుగా ఓడలెక్కించి పంపారన్నది టూరిస్టు వ్యాసాల్లో దాదాపు కనపడదు. చదువుకుని వెళ్తే ఆ సమాధుల ముందు నిలబడినప్పుడు మీరు రాసే వాక్యం వేరేగా ఉంటుంది, ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

పాత వాటి గురించి మాట్లాడుతున్నాను కాబట్టి ఇంకో మాట. తెలుగులో ట్రావెల్ రైటింగ్ ఇప్పుడిప్పుడే వచ్చిందనుకునేవాళ్లు ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర తెరిచి చూడండి. ఆయన మన చెన్నపట్నం మనిషే, అప్పట్లో ఇక్కడున్న సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే మాటలు తర్జుమా చేసే ఉద్యోగిగా, చేశారు. 1830 మే 18న ఇక్కడినుంచి బయల్దేరి, కాశీ, గయ, కలకత్తా అన్నీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. ఏ మజిలీలో నీళ్లు బావున్నాయి, ఎక్కడ అంగళ్లు ఉన్నాయి, దారి ఎలా ఉంది, దిగడానికి చోటుందా, ఇవన్నీ రాసుకుంటూ పోయారు. నా నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మొత్తం ఇలాంటి వాటికే వదిలిపెడతాను, బస్సు ఎన్నింటికి వచ్చింది, టీ ఎంత, మంచినీళ్లు ఎక్కడ దొరికాయి. కుడి పేజీలో మనుషులు అన్న మాటలు, వాళ్లు అన్నట్టే. నాకేమనిపించింది అన్నది అసలు అక్కడ రాయను, అది ఇంటికొచ్చాక కూడా గుర్తుంటుంది. మాటలు మాత్రం సాయంత్రానికే మారిపోతాయి, అందుకని తిరుగు ట్రైన్లో, బేసిన్ బ్రిడ్జ్‌లో దిగి పెరంబూరు వైపు బండి మారేలోపు, ఆ రోజు నోట్స్ అంతా ఒకసారి సాపు చేసుకుంటాను. ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు కదా అంటారు. చేస్తాను, అడిగి ఒప్పుకుంటేనే. కానీ ఫోను ముందు పెట్టగానే మనుషులు టీవీ వాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడతారు, అది నాకు పనికిరాదు.

కాలం మారితే సరస్సు కూడా మారిపోతుంది, మళ్లీ మళ్లీ వెళ్లమనేది ఇందుకే. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక నిండుగా ఉంటుంది. ఎండలు ముదిరేసరికి సముద్రం కలిసే ముఖద్వారం దగ్గర ఇసుక మేట వేసి మూసుకుపోతుంది, నీళ్లు తగ్గిపోయి ఉప్పు పెరుగుతుంది, అంచుల్లో బురద ఎండి పగుళ్లిస్తుంది. ముఖద్వారం తవ్వించమని మత్స్యకారులు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. చలికాలంలో మాత్రమే చూసినవాళ్లకి ఇదంతా తెలిసే వీల్లేదు.

అలా వెళ్లిన ఒకసారి చూశాను, ఇరులర్ తెగ ఆడవాళ్లు కొందరు నీళ్లలో వంగి, వలలూ పడవలూ ఏమీ లేకుండా, రెండు చేతులతో బురదలో తడుముతూ రొయ్యలు పడుతున్నారు. తాటాకుతో అల్లిన సంచి లాంటి బుట్టని పళ్లతో కరిచిపట్టుకున్నారు. చేతికి రొయ్య తగిలితే అది ఆ బుట్టలోకి, చేతులు మళ్లీ నీళ్లలోకి. నోట్లో బుట్ట ఉంది కాబట్టి పని జరుగుతున్నంతసేపూ మాట ఉండదు, ఒకరినొకరు కళ్లతోనే పలకరించుకుంటారు. గట్టెక్కాక ఒకామెతో మాట్లాడాను. పాడు వంతుల్లో వాళ్లకి చోటు లేదు. మొదట విన్నప్పుడు నాకు ఆ పద్ధతి ఎంత న్యాయంగా అనిపించిందో, ఈమె చెప్పింది విన్నాక అంత సూటిగా రాయలేనని అర్థమైంది. వ్యాసానికి బలం వచ్చింది ఇక్కడే. నా గురించి రాసుకో అక్కా, ఫొటో మాత్రం వద్దు అంది, వేయలేదు. ఎడిటర్ అడిగినా ఇవ్వలేదు. మనుషుల ఫొటోల విషయంలో ఇంతకంటే పెద్ద నియమం ఏమీ లేదు, అడగాలి, వద్దంటే వద్దు.

ఆంధ్ర వైపు సూళ్లూరుపేట, తడ, నేలపట్టు కూడా తిరిగాను. నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. అక్కడ నెల్లూరు తెలుగు వింటూ టీ తాగుతుంటే కథలకి లోటుండదు, రాకెట్ పోయే రోజున సముద్రంలోకి వేటకి పోనీరని అక్కడే విన్నాను. కానీ అదంతా ఈ వ్యాసంలో పెట్టలేదు. పెడితే రెండు వ్యాసాలు ఒకదాని మీద ఒకటి పడిపోయేవి.

ఎడిటర్‌కి ఎప్పుడు రాయాలి అన్నది చాలామందికి టెన్షన్. మొత్తం రాసేసి పంపకండి, అసలు వెళ్లకుండానే వెళ్తానని కూడా రాయకండి. ఒకటి రెండుసార్లు వెళ్లొచ్చాక, విషయం చేతిలో పడ్డాక, మిగతాది పూర్తి చేయకముందు రాయాలి. నేను పంపిన మెయిల్ ఇంచుమించు ఇదే:

"నమస్కారమండీ. పులికాట్ సరస్సు మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ఫ్లెమింగోల గురించి కాదు. అక్కడ రొయ్యలు పడే చోట్లని మత్స్యకారులు చీట్లు తీసి వంతులవారీగా పంచుకుంటారు, వంతు లేని రోజున అక్కడ వల వేయరు. ఇది ఇప్పటికీ ఎలా నడుస్తోంది, ఇందులో చోటు లేనివాళ్లు ఎలా బతుకుతున్నారు అన్నది వ్యాసం. నేను చెన్నైలో ఉంటాను, ఇప్పటికే వెళ్లి మాట్లాడాను, మళ్లీ వెళ్తున్నాను. 1200 పదాలు, ఫొటోలు నావే. ఎలా వెళ్లాలి, ఏ నెలలో వెళ్లాలి అన్నవి విడిగా బాక్సులో ఇస్తాను. డిసెంబరు సంచికకి సరిపోతుందనుకుంటున్నాను."

అంతే. నేనెవరు, నాకు ప్రయాణాలంటే చిన్నప్పటినుంచి ఎంత ఇష్టం, ఇవేమీ లేవు. డిసెంబరు అని ఎందుకు రాశానంటే పక్షుల సీజన్‌లో పులికాట్ పేరుకి గిరాకీ ఉంటుంది, ఫ్లెమింగోల మీద కాకపోయినా ఆ సీజన్ ఎడిటర్‌కి ఒక కారణం ఇస్తుంది. నెలనెలా వచ్చే పత్రికలు రెండు మూడు నెలల ముందే పేజీలు అనుకుంటాయి, కాబట్టి సెప్టెంబరులోనే పంపాలి. మొదట పంపిన చోటినుంచి జవాబు లేదు. రెండు వారాలు ఆగి ఒక చిన్న గుర్తుచేసే మెయిల్ పెట్టాను, ఇంకో వారం చూసి, దీన్ని వేరేవాళ్లకి పంపుతున్నానని మర్యాదగా చెప్పి, పంపేశాను. రెండో ఎడిటర్ ఫోన్ చేసి ఆ వంతుల సంగతే ముందు రావాలన్నారు. జవాబు రాకపోవడం అంటే వాళ్లకి నచ్చలేదని కాదు, చాలాసార్లు వాళ్లు మెయిల్ చూసి ఉండరు కూడా.

రాసేటప్పుడు తెలుగులో మనకి ఒక పెద్ద ఇబ్బంది ఉంది. పెన్ను పట్టుకోగానే ప్రకృతి ఒడి, కనువిందు, మనసు దోచే అందాలు, ఇవన్నీ వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. వచ్చినవాటిని రానిచ్చి, రెండో రోజు కూర్చుని ఒక్కోటీ కొట్టేస్తాను. కొట్టేసిన చోట ఏం చూశానో అది రాస్తాను, చూసింది గుర్తులేకపోతే ఆ వాక్యమే తీసేస్తాను. తర్వాత అమ్మకి పైకి చదివి వినిపిస్తాను. అమ్మ పులికాట్ ఎప్పుడూ వెళ్లలేదు. అంతా విని, "బానే ఉంది గానీ, అక్కడ ఆడవాళ్లకి బాత్రూమ్ ఉందా? చీకటి పడేలోపు బస్సు దొరుకుతుందా?" అని అడిగింది. రెండూ బాక్సులో చేరాయి. ఇలాంటి ప్రశ్నలకి జవాబిచ్చిన వ్యాసాన్ని జనం దాచుకుంటారు, ఫోన్లో ఒకరికొకరు పంపుకుంటారు.

నిజానిజాలు సరిచూసుకోవడం గురించి మాత్రం కాస్త గట్టిగా చెప్తాను. వ్యాసం పూర్తయ్యాక ప్రింటు తీసి, ప్రతి వాక్యం కింద మూడు రంగుల్లో ఒకదానితో గీత గీస్తాను, నేను చూసింది, ఒకరు చెప్పగా విన్నది, చదివింది. విన్నదానికి ఇంకొకరి మాట తోడు కావాలి. చదివినది ఎక్కడ చదివానో తెలియాలి. తోడు దొరకనిది ఎంత బావున్నా వ్యాసంలో ఉండదు. ఇంత పట్టుదల ఎందుకంటే, పులికాట్ వెళ్తే పడవ షికారు చేయండి, సూపర్‌గా ఉంటుంది అని ఎంతమంది రాశారో చూడండి. 2011 క్రిస్మస్ రోజున ఆ సరస్సు దగ్గరే పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు, పిల్లలు కూడా ఉన్నారు. ఆ తర్వాత టూరిస్టులని పడవల్లో తిప్పడం నిషేధించారు. ఒడ్డున నిలబడితే ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్తామంటారు. మన మాట నమ్మి ఒక కుటుంబం లైఫ్ జాకెట్ లేకుండా పడవెక్కితే ఆ బాధ్యత మనది కాదని ఎలా అంటాం? నా బాక్సులో మొదటి వాక్యం పడవ ఎక్కొద్దనే.

ఫొటోలకి ఫోను సరిపోయింది. ఎడిటర్లు అడిగేది అడ్డంగా తీసినవి, ఒరిజినల్ సైజులో ఉన్నవి, వాట్సాప్‌లో పంపితే నాణ్యత పోతుంది కాబట్టి డ్రైవ్ లింకు ఇవ్వాలి. ప్రతి ఫొటోకీ ఎక్కడ, ఏ నెల, అందులో ఎవరు, అన్నది రాసివ్వండి. పురావస్తు శాఖ చోట్లలో ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి కావాలి. రాకెట్ కేంద్రం పక్కనే ఉన్న సరస్సు మీద డ్రోన్ అనే ఆలోచనే వద్దు.

ఇక డబ్బు. వ్యాసం డిసెంబరులో వచ్చింది, డబ్బు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఆ పత్రిక పేరు చెప్పను, చాలాచోట్ల ఇదే పరిస్థితి. అచ్చయిన రోజే ఇన్‌వాయిస్ పంపండి, అందులో వ్యాసం పేరు, సంచిక, ఒప్పుకున్న మొత్తం, పాన్ నంబరు, బ్యాంకు వివరాలు అన్నీ ఉండాలి. నెలకోసారి గుర్తుచేయండి, ఎడిటర్‌కి కాదు, అకౌంట్స్ వాళ్లకి. పాపం ఎడిటర్ చేతిలో ఏమీ ఉండదు. ఏడాదికి 50,000 రూపాయలు దాటి ఒకే చోటినుంచి వస్తే వృత్తి ఫీజు కింద 10 శాతం టీడీఎస్ (డబ్బిచ్చేవాళ్లే ముందుగా కోసి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. మీ ఆదాయం తక్కువైతే రిటర్న్ వేసి అది వెనక్కి తెచ్చుకోవచ్చు, ఎంతో మంది బద్ధకించి వదిలేస్తున్నారు.

సంతకం పెట్టమని ఏదైనా కాగితం వస్తే తప్పక చదవండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, మీరు ఆ సంస్థలో ఉద్యోగి కాకపోతే, మీ వ్యాసం మీద మొదటి హక్కు మీదే. హక్కులు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అనీ, ఎక్కడికో రాయకపోతే భారతదేశానికే అనీ చట్టం అనుకుంటుంది. ఫొటోల దగ్గర మాత్రం జాగ్రత్త. డబ్బిచ్చి ఫలానా ఫొటో తీసిపెట్టమని వాళ్లు అడిగితే, వేరేగా రాసుకోనంతవరకూ దాని మీద మొదటి హక్కు వాళ్లదే. నా పులికాట్ వ్యాసం హక్కులు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి, డచ్చివాళ్ల సమాధుల మీద అప్పుడు రాసుకున్న నోట్స్‌తో ఇంగ్లీషులో వేరే వ్యాసం రాయగలిగాను. ఒకే చార్జీలతో రెండు పనులు అయ్యాయి.

ఆ వ్యాసం వచ్చాక రిసార్టుల వాళ్లు కూడా పిలవడం మొదలుపెట్టారు, రెండు రాత్రులు ఉచితం, వచ్చి రాయండి అని. వెళ్లడం తప్పని నేను అనను, అందరికీ సొంత డబ్బుతో తిరిగే వీలుండదు. కానీ వాళ్ల డబ్బుతో ఉన్నానని వ్యాసంలో పాఠకుడికి కనపడేలా రాయాలి. సోషల్ మీడియాలో పెట్టేవాళ్లకైతే ఉచిత ప్రయాణాలూ, హోటల్ బసలూ స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలే ఇచ్చింది. అలా రాస్తానని నేను ముందే చెప్తాను. సరేనన్నవాళ్ల దగ్గరికి వెళ్తాను, ముందు మాకు చూపించి తర్వాత అచ్చుకివ్వండి అనేవాళ్లకి వద్దని చెప్తాను.

ఇప్పుడు సూళ్లూరుపేట వైపు వ్యాసం పని మీద ఉన్నాను. రాకెట్ పోయే రోజుల్లో వేటకి పోలేని ఊళ్లు, ఆ రోజుల్లో వాళ్లు ఏం చేస్తారన్నది విషయం. ఎడిటర్ ఒప్పుకున్నారు, ఫొటోల హక్కులు నావేనని ఈసారి కాగితం మీద విడిగా రాయించుకున్నాను. వచ్చే నెల మొదటి వారంలో చెన్నై సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ లోకల్ స్టేషన్‌నుంచి పొద్దున్నే బండి ఎక్కుతున్నాను.